వానను కొలుచుకొను రైతులు

పశ్చిమాఫ్రికాలో, సహారా యెడారికి దక్షిణపు టంచున, మాలీ యను దేశము గలదు. అచ్చటి రైతులు పండించు పంటల పేరులు మనకు వింతగా తోచవు: సజ్జ, జొన్న, మొక్కజొన్న, వేరుసెనగ, ప్రత్తి. పెక్కుమందికి పొలము కొద్ది. కాలువ లేదు, చెఱువు లేదు, ఆకసమే దిక్కు. వానకాలము ఇంచుమించు జూనులో మొదలై సెప్టెంబరుతోనో, అక్టోబరు మొదటనో ముగియును.

ఇట్టి చోట రైతును వేధించు మొదటి ప్రశ్న యొక్కటే: విత్తనము ఏనాడు వేయవలెను? తొలివాన కురియగానే వేసినచో, ఆ పిమ్మట రెండు మూడు వారములు చినుకు రాలకపోవచ్చును. మొలక తలయెత్తి మాడిపోవును. అప్పుడు గాదెలో మిగిలిన గింజలు తిండికా, మరల విత్తుటకా యని యింటిల్లిపాది విచారింపవలసి వచ్చును. పోనీ ఆలస్యముగా వేయుదమన్నచో, గింజ పాలుపోసికొను వేళకు వానలు వెనుదీయును.

మన పెద్దలు కార్తెలను లెక్కించునట్లే, అచ్చటి వారును చెట్ల చిగురును, పక్షుల రాకపోకలను, నక్షత్రములను జూచి కాలనిర్ణయము చేసికొనుచుండిరి. 1970 తరువాత సంభవించిన గొప్ప కఱవులలో ఆ గురుతులు చాలకపోయెను. పశువులు మందలు మందలుగా చచ్చెను, జనులు వలసపోయిరి. ఆ యనుభవము చేతనే 1982లో మాలీ ప్రభుత్వపు వాతావరణశాఖ, స్విట్జర్లాండు సహాయముతో, రైతులకే నేరుగా వాతావరణ సమాచారము నందజేయ బూనుకొనెను.

వారు చేసిన పని చూచుటకు చిన్నది. రైతు చేతికి వాన కొలుచు పాత్ర నొకదాని నిచ్చిరి. వర్షమాపక మనునది యిదియే. అందలి నీటిని మిల్లీమీటర్లలో చదువుట నేర్పిరి. ఒక మిల్లీమీటరు వాన యనగా ఒక చదరపు మీటరు నేలపై ఒక లీటరు నీరు పడినదని యర్థము. నేల తడిసినట్లు కంటికి గనబడుట వేఱు. మొలకను నిలుపగల తడి లోపల నుండుట వేఱు. కావున ఏ ప్రాంతమున, ఏ పంటకు, ఏ తేదీలలో, ఎంత వాన కురిసిన పిదప విత్తవచ్చునో పట్టికలు వ్రాసి యిచ్చిరి. రైతు తన పాత్రను, ఆ పట్టికను జూచుకొని నిర్ణయము తానే చేయును. నాకు మిక్కిలి నచ్చిన సంగతి యిదియే. రాజధాని నుండి వచ్చిన మాటను గ్రుడ్డిగా నమ్ముమని యతనికి చెప్పలేదు. తన చేని వానను తాను కొలుచుకొను నేర్పు నిచ్చిరి.

ఇది గాక, వానకాలమున పదిదినముల కొకమారు వాతావరణ శాస్త్రజ్ఞులు, వ్యవసాయోద్యోగులు, రేడియోవారు కూడి సలహాను సిద్ధపఱచుచు వచ్చిరి. చదువురాని వారికిని తెలియునట్లు దానిని బంబారా మొదలగు దేశభాషలలో రేడియోలో వినిపించిరి.

భాష యొక్కటి కుదిరినంత మాత్రమున చిక్కు తీరదు. “ఈ యేడు వానలు హెచ్చుగా కురియుటకు నూటికి నలువది పాళ్లు అవకాశము గలదు” అని చెప్పినచో, వినువారు వానలు తప్పక హెచ్చునని తలతురు. హెచ్చకున్న, చెప్పినవారు బొంకిరందురు. అట్లు కాకపోవుటకు అఱువది పాళ్లు గలదని బోధపడవలెనన్న, రైతులతో కూర్చుండి గడచిన యేండ్ల లెక్కలను వారి ముందుంచి మాటలాడవలెను. ఇది యోపికతో కూడిన పని.

మాలీలో జరిగిన పని లోపములేనిదని చెప్పరాదు. తరువాత పరిశీలించిన వారికి, సలహా అందఱికి నొక్కరీతిగా నుపయోగపడలేదని తేలెను. “నేడు విత్తుము” అన్నచో ఎద్దులును నాగలియు గలవాడు విత్తును. ఎరువు నాగలికై కాచుకొనువాడు తన వంతు వచ్చుదాక ఆగవలెను. ఆలోగా తడి యారిపోవును. ధాన్యపు చేల విషయమున స్త్రీల మాట చెల్లుట యరుదు గనుక, వారికి కలిగిన మేలు మఱియు స్వల్పము.

ఆఫ్రికా ఖండమంతటికిని మఱియొక కొఱత గలదు. అచ్చటి భూతలముపై నున్న వాతావరణ పరిశీలన కేంద్రములు ఉండవలసిన కనీసపు సంఖ్యలో ఎనిమిదవ వంతు మాత్రమేయని ప్రపంచ వాతావరణ సంస్థ కొన్ని యేండ్ల క్రిందట తెలిపెను. ఉష్ణదేశపు వాన ఒక యూర కుండపోతగా కురిసి, ప్రక్క యూర దుమ్మునైన నణపదు. ఉపగ్రహము పైనుండి వానను అంచనా వేయగలదే గాని, క్రింద పాత్రలో నెంత నీరు నిండెనో చూడలేదు.

ఈ కొఱత తీర్చుటకై హాలండులోని డెల్‌ఫ్ట్, అమెరికాలోని ఆరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయముల ఆచార్యు లిరువురు టామో యను సంస్థను నెలకొల్పిరి. సహారాకు దక్షిణమున ఇరువది వేల కేంద్రములు స్థాపింపవలెనని వారి సంకల్పము. ఇంతవరకు కొన్ని వందలు మాత్రమే నిలిచినవి. యంత్రము సూర్యరశ్మితో పనిచేయుచు, కొలతలను సెల్‌ఫోను మార్గమున పంపును. వీనిలో పెక్కింటిని పాఠశాలల ఆవరణములందే నాటిరి. అచ్చట కంచె యుండును, కనిపెట్టి చూచు ఉపాధ్యాయు డుండును, పిల్లలు ఆ లెక్కలనే భూగోళ పాఠమున వాడుకొందురు. యంత్రమెంత గొప్పదైనను, పైనున్న గరాటులో సాలీడు గూడు కట్టినను, పక్షి రెట్ట పడినను, ఎంత వాన కురిసినను లెక్క సున్నగనే రావచ్చును. అప్పుడు గుడ్డ తీసికొని పోయి దానిని తుడిచి శుభ్రము చేయవలసినది ఆ పాఠశాలవారే.