బ్యాటరీలో రాళ్లుప్పు

"నిన్నటిదాకా బాగానే ఉందండీ!" బ్యాటరీ పోయిన ప్రతి ఇంట్లోనూ వినపడే మాటే మా పక్కింటి మాస్టారూ అన్నారు. ఆయనదొక బాపట్ల మార్కు కథ. అబ్బాయి అమెరికాలో, వాడు కొనిచ్చిన కారేమో షెడ్డులో కవరు కింద. ఎప్పుడైనా రైతుబజారుకి, చుట్టాలొస్తే సూర్యలంకకి. ఆ రోజు తాళం తిప్పితే టిక్ టిక్ మన్న చప్పుడే తప్ప సెల్ఫ్ తీసుకోలేదు.

"పెద్దగా తిప్పిందే లేదు, అప్పుడే ఎలా పోయింది?" అని ఆయన అనుమానం. తిప్పకపోవడమే దాని ప్రాణం మీదికి తెచ్చింది.

కారు బ్యాటరీ లోపల ఆరు గదులుంటాయి. ఒక్కో గదిలో సీసం పలకలు, లెడ్ డయాక్సైడ్ పలకలు, వాటి మధ్య పలచని సల్ఫ్యూరిక్ ఆమ్లం. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సూత్రమే ఇప్పటికీ నడుస్తోంది. గదికి 2.1 వోల్టుల చొప్పున మొత్తం 12.6. కరెంటు వాడుకుంటున్నకొద్దీ రెండు రకాల పలకల మీదా లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. ఇంజన్ నడిచి ఛార్జింగ్ ఎక్కితే అది మళ్లీ విడిపోతుంది.

చినగంజాం ఉప్పు కొఠార్లు చూసినవాళ్లకి తక్కిన సంగతి ఇట్టే అర్థమవుతుంది. మడిలో నీరు కదలకుండా నెమ్మదిగా ఇగిరితే ఉప్పు గింజ లావవుతుంది. సల్ఫేటూ అంతే. కొత్తగా ఏర్పడిన సన్నపొడి ఛార్జింగ్ తగలగానే కరిగిపోతుంది. వారాల తరబడి వదిలేస్తే చిన్న గింజలు కరిగి పెద్ద గింజల్లో చేరి రాళ్లుప్పులా గట్టిపడతాయి. ఆపైన ఛార్జర్ పెట్టినా లొంగవు, ఆ మేరకు పలక చచ్చినట్టే. ఆపేసిన కారూ ఊరుకోదు. గడియారం, తాళం సెన్సరు, అలారం కలిసి 30 మిల్లీ ఆంపియర్లు తాగుతున్నా, 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ మూడున్నర వారాల్లో సగమైపోతుంది. రైతుబజారు దాకా వెళ్లొస్తే ఆ లోటు పూడదు.

పైగా ఎండ. రోహిణి కార్తెకి రోళ్లే పగులుతాయంటారు, సీసం పలకలెంత? వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఇంజనీర్ల లెక్క. చలిదేశాల్లో మొదటి మంచుకే బ్యాటరీ బండారం బయటపడుతుంది. మనకా చలి లేదు గనక అది మే నెలలో తిన్న దెబ్బని నెలల తరబడి దాచుకుంటుంది. "నిన్నటిదాకా బాగానే ఉంది" అనిపించేది అందుకే.

అయినా ముందే బ్యాటరీ మీద నింద వేయకూడదు. టెర్మినళ్లు చూడాలి. సముద్రగాలి తగిలే మన ఊళ్లలో తెల్లటి, పచ్చటి పొడి పట్టడం మామూలే. చిన్న కారు సెల్ఫ్ తీసుకునేటప్పుడు 150 ఆంపియర్లు లాగిందనుకోండి, ఆ పొడి ఓంలో నూరో వంతు అడ్డుపడినా ఒకటిన్నర వోల్టు అక్కడే హరించుకుపోతుంది. కేబుళ్లు ఊడదీసి, వంటసోడా నీళ్లతో తోమి, ఆరనిచ్చి బిగిస్తే ఒక్కోసారి కథ అక్కడితో ముగుస్తుంది.

మాస్టారి బండికి ముగియలేదు. మల్టీమీటర్ పెట్టాం. రాత్రంతా కదలని కారులో 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 లోపంటే దాదాపు ఖాళీ. ఆయనది 11.7. ఖాళీ వేరు, చావు వేరు. అందుకే ఛార్జర్ మీద రాత్రంతా ఉంచి, కొన్ని గంటలు వదిలేసి చూశాం. 12.5 చూపించింది. సెల్ఫ్ కొట్టగానే మాత్రం ఎనిమిదికి కూలింది. 9.6 కంటే దిగకూడదు. ఇక దాని మీద ఆశ వదులుకున్నాం. ఇంజన్ నడుస్తున్నప్పుడు మామూలుగా 14 వోల్టుల చుట్టుపక్కల ఉండాలి. లేదంటే తప్పు ఆల్టర్నేటర్‌ది, కొత్త బ్యాటరీ వేసినా అదే గతి. దీనికి పాతకాలం మెకానిక్కుల చిట్కా ఒకటుంది, బండి నడుస్తుండగా కేబుల్ పీకి చూడటం. దయచేసి వద్దు. ఆ క్షణంలో ఎగసే వోల్టేజీకి ఇప్పటి కార్ల కంప్యూటర్ కాలిపోవచ్చు.

మార్చేటప్పుడు ముందు నెగటివ్ తీయాలి. కారు బాడీ మొత్తం నెగటివ్‌కే కలిపి ఉంటుంది కాబట్టి, అది ఊడదీయకుండా పాజిటివ్ విప్పుతూ పానా బాడీకి తగిలిస్తే నిప్పురవ్వలు లేస్తాయి. ఛార్జింగ్‌లో పుట్టిన హైడ్రోజన్ చుట్టూ ఉంటే అది పేలుడు దాకా పోతుంది. బిగించేటప్పుడు నెగటివ్ ఆఖరు. కొత్తదాని కొలతలే కాదు, పాజిటివ్ ఏ పక్కనుందో కూడా చూసి తెచ్చుకోండి. సిగ్నల్ దగ్గర తనే ఆగి తనే స్టార్టయ్యే కార్లకి మామూలు బ్యాటరీ పనికిరాదు.

పాతదానికి షాపులో ధర కట్టి తగ్గిస్తామన్నారు. "చచ్చినదానికి డబ్బులేమిటి?" అని మాస్టారు నవ్వారు. సీసం ఎక్కడికీ పోలేదు, సల్ఫేటుగా మారిందంతే. కరిగించి మళ్లీ పలకలు పోస్తారు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు పాతవి వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారుల మీదే పెట్టాయి. మాస్టారు మాత్రం దాన్ని మోసుకుంటూ, నాలుగు రూపాయలు ఎక్కువిస్తాడని పాతసామాన్ల బండివాడి వైపు చూశారు. పెరట్లో ఆమ్లం పారబోసి సీసం కరిగించేవాళ్ల చేతికే అది చేరొచ్చని చెబితే, ఏమీ అనకుండా షాపు మెట్లెక్కారు.