బండ్ల బాటపై సైకిల్‌ సవారీ

మేడ్చల్‌: ఒకవైపు 44వ నంబరు జాతీయ రహదారి, మరోవైపు రాజీవ్‌ రహదారి. రెండింటిపైనా లారీల హోరే. ఔటర్‌ రింగు రోడ్డు ప్రధాన మార్గంపైకి సైకిళ్లకు అనుమతే లేదు. అయినా మేడ్చల్‌, శామీర్‌పేట ప్రాంతాలు సైకిల్‌ ప్రియులను ఆకర్షిస్తున్నాయంటే ఈ రహదారుల నడుమ పల్లెలను కలిపే ఇరుకు దారులే కారణం.

నిజాం కాలం నాటి శామీర్‌పేట పెద్ద చెరువు మీదుగా తెల్లవారుజామున వీచే చల్లగాలి తొలి ఆకర్షణ. చేరువలోనే జవహర్‌ జింకల పార్కు ఉంది. అలియాబాద్‌, తుర్కపల్లి వైపు తారు రోడ్డు వదిలి లోనికి మళ్లితే మొరం దారులు ఎదురవుతాయి. కారులో అద్దాలు బిగించుకొని పోయేవారికి అందని పక్షుల కూతలు, తడి మట్టి వాసన ఇక్కడ దక్కుతాయి.

మొరంపై సన్నని టైర్లు జారతాయి. 35 మి.మీ.కు పైబడిన టైర్లలో గాలి కాస్త తగ్గించుకొంటే పట్టు దొరుకుతుంది. తుమ్మముల్లు, పల్లేరుకాయ మాత్రం ఏ టైరునూ విడిచిపెట్టవు. అదనపు ట్యూబు, పంపు వెంట లేనివారు సైకిల్‌ను నెట్టుకొంటూ ఊరు చేరవలసిందే.

అసలు చిక్కు వేరే ఉంది. ఒకప్పుడు ద్రాక్ష తోటలకు పేరొందిన ఈ నేలలో వెంచర్లు వెలిశాయి. బండ్ల బాటలు గ్రామ నక్షలో గీతలుగా ఉన్నా, ప్రహరీ లేచిన చోట దారి మూసుకుపోతుంది. నగరానికి పశ్చిమాన 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సౌర పైకప్పు సైకిల్‌ ట్రాక్‌ ప్రారంభమైంది. ఇక్కడ అంత వ్యయం అనవసరం. నక్ష ప్రకారం బాటలను కొలిచి హద్దురాళ్లు నాటితే సైకిళ్లతో పాటు రైతు ట్రాక్టరుకూ పొలానికి దారి ఉంటుంది.