పటం మూల ఎందుకు విచ్చుతుంది?

ఒక భక్తుడు ఆలయానికి సమర్పించిన శ్రీరామ పట్టాభిషేక పటానికి చట్రపు మూల విచ్చింది. పెడనలో కలంకారీ అచ్చులకు టేకు దిమ్మెలు కోసే ఆచారిగారి వద్దకు తీసుకొని వెళ్ళాను. ఆయన పటాన్ని ప్రక్కన పెట్టి, తండ్రినాటి చిన్న పెట్టె ఒకటి చూపారు. మూత లేని ఆ పెట్టె రెండు గోడలలోను ఏటవాలు చీలికలున్నవి. వాటిలో రంపాన్ని నిలిపి చట్రపు బద్దలను 45 డిగ్రీలకు కోస్తారు.

"ఈ చట్రం దీనిలో కోసిందేనండీ పంతులుగారూ. చీలిక అరిగింది, రంపం ఊగుతోంది. ఇక పారేయాలి" అన్నారు. వద్దన్నాను.

నాలుగు మూలలకు 8 కోతలు. కోతకు ఒక్క డిగ్రీ చొప్పున తగ్గినా, మూడు మూలలు బిగించేసరికి నాలుగవది 8 డిగ్రీలు నోరు తెరుస్తుంది. మేకు కొడితే ఆ దోషం పోదు; పటాలు చేయించే దాతలు గమనింతురు గాక.

చతురస్రపు కర్ణాన్ని గూర్చి బౌధాయన శుల్బసూత్రం చెప్పినది నేను పాఠంగా వల్లించినవాడనే. దాని వాడుక చూచినది ఆనాడే. పెట్టె వెడల్పు ఎంతో గోడ వెంబడి అంతే కొలిచి, ఎదురు మూలలను గీతతో కలిపితే అదే కర్ణం, అదే 45 డిగ్రీలు. అరిగిన చీలికలలో పలుచని టేకు ముక్కలను జిగురుతో బిగించి, ఆరిన మరునాడు గీత వెంట తిరిగి కోశారు. చీలిక రంపపు మందానికి మించలేదు. రెండు వృథా ముక్కలను కోసి, కలిపి, మూలమట్టం పెట్టి చూశాము. సందున వెలుగు కనబడలేదు.

పటాన్ని ఆ తరువాతనే విప్పారు.