ఔషధముల పేటెంటులు: పదార్థము, ప్రక్రియ, ప్రయోగము

ఔషధములకు సంబంధించిన పేటెంటు పత్రములను పరిశీలించుట రసాయన శాస్త్రజ్ఞులకును న్యాయవాదులకును చెందిన పనియని సామాన్యముగా తలంతుము. కాని యా పత్రములపై చెలరేగు వివాదములు పెక్కు ఒకానొక పదముయొక్క అర్థపరిధిని ఆశ్రయించియుండును. కావున భాషాధ్యయనపరులకు ఈ విషయమున కొంత ప్రవేశముండుట యుక్తము.

పేటెంటును తెలుగున కొందరు 'ఏకస్వము' అనుచున్నారు. నూతన కల్పనను దాచక లోకమునకు సవివరముగా వెల్లడించినవానికి ప్రభుత్వము పరిమితకాలమువఱకు ఒసగు ప్రత్యేకాధికారమే పేటెంటు. కల్పించినవాడొకడు, హక్కుదారు వేఱొకడు కావచ్చును. ఉద్యోగి కల్పనపై హక్కు తఱచుగా సంస్థకే చెందును.

మన ప్రాంతమునకు సన్నిహితమైన ఉదాహరణము నొకదానిని గైకొందము. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1940లో అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో చేరెను. ఆయన నేతృత్వమున అచటి శాస్త్రజ్ఞులు సాధించిన ఔషధములలో డైఇథైల్ కార్బమజైన్ ఒకటి. 1947లో వెలువడిన యీ మందునకు హెట్రజాన్ అని వ్యాపారనామము. లెడర్లీకి మాతృసంస్థయైన అమెరికన్ సయనమిడ్ పేర 1949లో దీనికి పేటెంటులు లభించినవి. ఇది బోదకాలునకు హేతువైన సూక్ష్మక్రిములను రక్తమునందు నశింపజేయును. కాని ముదిరి బలిసిన కాలిని పూర్వరూపమునకు తేజాలదు. బోదకాలు చిరపరిచితమైన కోస్తా మండలములకు ఈ మందు విలువ వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఈ యొక్క మందును గూర్చియే మూడు ప్రశ్నలు వేయవచ్చును. ఇది 'ఏమి'? అను ప్రశ్నకు సమాధానము పదార్థము. దీనిని 'ఎట్లు' తయారుచేయుదురు? ఇది ప్రక్రియ. దీనిని రోగికి 'ఏ విధముగ' అందింతురు? ఇది ప్రయోగము. మాత్రగా నీయవచ్చును, వంట ఉప్పులో కలిపియు నీయవచ్చును. చీనాదేశమున ఉప్పు మార్గమును విరివిగా అవలంబించిరి. 2007లో ఆ దేశమున బోదవ్యాధి నిర్మూలితమైనట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించెను. భారతదేశమున 2004నుండి ఏటేట ప్రజలకు సామూహికముగా మాత్రలు పంచు పద్ధతి యేర్పడెను. పదార్థ మొకటే, ప్రయోగములు రెండు.

ఈ భేదమునకు శాసనములో గల ప్రాముఖ్యము గొప్పది. 1911నాటి శాసనము క్రింద మందునకే పేటెంటు లభించుచుండెను. 1972లో అమలునకు వచ్చిన 1970నాటి పేటెంటు శాసనము ఔషధములలో పదార్థమునకు పేటెంటును నిరాకరించి, ప్రక్రియకు మాత్రమే, అదియు గరిష్ఠముగా ఏడేండ్ల లోపుగనే, అంగీకరించెను. ఏలూరునుండి తాడేపల్లిగూడెమునకు రైలుమార్గమును కలదు, రోడ్డుమార్గమును కలదు. తన బాటపై ఒకనికి హక్కుండవచ్చును గాని ఊరిపై ఉండదనుటయే ఆ శాసనముయొక్క తాత్పర్యము. అందుచే వేఱొక రసాయన మార్గమున అదే మందును తయారుచేయుటకు వీలు కలిగి, ధరలు తగ్గినవి. హైదరాబాదున ఔషధ పరిశ్రమ వర్ధిల్లుటకు గల ముఖ్యకారణములలో నిదియొకటి. 2005నుండి పదార్థమునకును 20 ఏండ్ల పేటెంటు పునఃప్రవేశించెను. ఐనను రెండు హద్దులు నిలిచియున్నవి: మనుష్యులకు చేయు చికిత్సావిధానము పేటెంటునకు అర్హము కాదు, తెలిసిన పదార్థముయొక్క క్రొత్త రూపము గుణమున అధికమైననే అర్హము. ఈ రెండవ నియమమును పురస్కరించుకొనియే 2013లో సుప్రీంకోర్టు నొవార్టిస్ సంస్థవారి క్యాన్సర్ మందు గ్లివెక్ విషయమున తీర్పు చెప్పెను. 'గుణము' అనగా చికిత్సాగుణమే యని అందు నిర్ణయింపబడెను. ఒక్క పదముయొక్క వ్యాఖ్యానముపై ఎందఱో రోగులకు మందు దొరకు ధర ఆధారపడినది.

ఇంక తెలుగు శాఖలకు నేరుగా సంబంధించిన విషయము. గాయములను మాన్పుటకు పసుపును వాడు పద్ధతికి 1995లో అమెరికాలో పేటెంటు లభించెను. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి ప్రాచీన గ్రంథములను, పూర్వప్రచురణములను సాక్ష్యముగా చూపగా 1997లో అది రద్దాయెను. మన యిండ్లలో ప్రతి గృహిణికి తెలిసినదనుట చాలలేదు. వ్రాతమూలకమైన సాక్ష్యము కావలసివచ్చెను. 2001లో ఆరంభమైన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయము ఇట్టి సాక్ష్యములను కూర్చుటకే యేర్పడినది.

తాళపత్రములలోను, పాత అచ్చుపుస్తకములలోను, కొల్లేటి లంకగ్రామములవారి నోళ్లలోను నిలిచియున్న వైద్యము ఇట్టి సాక్ష్యము కావలెనన్న మొదట దానిని చదివి, మూలికల పేర్లకు సరియైన యర్థమును నిర్ణయించి, కాలనిర్దేశముతో ప్రకటింపవలెను. 'నేల ఉసిరిక' యను నొక పేరు ఏ మొక్కను చెప్పుచున్నదో తేల్చని ప్రతి, న్యాయస్థానమున నోరు విప్పజాలదు. లిపిపరిజ్ఞానము, పాఠపరిష్కరణము, నిఘంటు నిర్మాణము మన విద్యలే. పరిశోధక విద్యార్థులు ఒక్కొక్క వైద్యగ్రంథమునైన ఈ దృష్టితో పరిష్కరించినచో ఆ కృషి భాషకును లోకమునకును ఏకకాలమున ఉపకరింపగలదు.