మీ బండి సంగతేమిటి?

పిల్లలూ! విజయనగరం గంటస్తంభం దగ్గర పొద్దున్నే నిలబడి, సైకిళ్ళవాళ్ళను "మీ బండి సంగతి చెప్పండి" అని అడిగాము.

మొదట దొరికినవాడు పాలతాత. వెనక అటూ ఇటూ రెండు క్యాన్లు.

"నా పెళ్ళినాటి బండి బావూ! బ్రేకులకు తీగలు నేవు, అన్నీ ఇనపకడ్డీలే" అన్నాడు.

"మరి గేర్లో?"

"నా కాళ్ళే గేర్లు!"

ముందు పెద్ద పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనక ఫ్రీవీలుకు 18. (స్వయంగా లెక్కపెట్టాము, వేళ్ళు నల్లబడ్డవి!) అంటే పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుందన్నమాట. చక్రం 28 అంగుళాలది కనుక బండి 5 మీటర్లకు పైగా సాగుతుంది. చదునునేలపై బాగానే ఉన్నది. ఎత్తు ఎక్కేటప్పుడో? ఒక్క చుట్టులో అన్ని పాలనూ అంతదూరం పైకి లాగాలి! అందుకే రైలువంతెన దగ్గర తాత దిగి నెడతాడు.

తాత ఇంకా మాట్లాడుతుండగానే, వయొలిన్ పెట్టె వీపున వేసుకొని ఒక అక్కయ్య వచ్చింది. 1919లో ఏర్పడిన సంగీత కళాశాలలో చదువుతున్నదట. ఆమె బండికి ముందు 42 పళ్ళు. ఎత్తు వచ్చినప్పుడు చైనును వెనక 28 పళ్ళ చక్రం మీదికి మారుస్తుంది. అప్పుడు పెడలు చుట్టుకు చక్రం ఒకటిన్నర చుట్లే తిరుగుతుంది. ఎక్కువసార్లు తొక్కాలి, కాని కాలికి శ్రమ తక్కువ.

"ఇలాంటిది కొనుక్కోరాదా, తాతా?"

"సూసినాను బావూ. దానికి క్యారేజీ నేదు. నా పాలు ఎక్కడెట్టీది?"

ఏడు దాటితే కాఫీహోటలువాడు పాలు తీసుకోడట. వంతెన ఎక్కేదాకా వెనకనుంచి మేమూ చెయ్యి వేశాము. పాలు తొణికాయి కాని, ఒలకలేదు.