దెయ్యం కనపడకపోయినా పర్లేదు, వినపడాలి

విఠలాచార్య 'జగన్మోహిని' (1978)లో దెయ్యం కట్టెలు లేకుండానే వంట చేస్తుంది. తన కాళ్లే పొయ్యిలో పెట్టి మంట రాజేస్తుంది. ఆ సీను చూసిన తరం ఇప్పటికీ దాన్ని కథలు కథలుగా చెబుతుంది, కాకపోతే నవ్వుకుంటూ. కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం వైపు దెయ్యం సినిమాల పిచ్చి ఉన్నోళ్లు నలుగురు టీ కొట్టు దగ్గర చేరితే మొదటి పేచీ ఇక్కడే. నవ్వొచ్చేదాన్ని హారర్ అనొచ్చా? "అప్పట్లో పిల్లలు జడుసుకున్నారన్నా" అని ఒకడంటే, "పిల్లలు పక్కోడు తుమ్మినా జడుసుకుంటారు తమ్మీ" అని ఇంకొకడు.

ఇటువైపు వాళ్లతో కాసేపు కూర్చుంటే ఒక సంగతి తేలుతుంది. గ్రాఫిక్సు, మేకప్పు వీళ్ల లెక్కలోకి రావు. సౌండ్ ఎట్లుంది? అదే పరీక్ష. అడవి పక్కన పెరిగినవాళ్లకు చీకటి పడ్డాక కళ్లతో పని తక్కువ, చెవులతోనే ఎక్కువ.

తీతువు పిట్టనే తీసుకోండి. రాత్రిపూట ఇంటి మీదుగా అరుచుకుంటూ పోతే ఎవరికో మూడిందని పల్లెల్లో భయం. పాపం, అది చెట్టు మీద గూడు కట్టుకునే పిట్ట కాదు. నేల మీదే, రాళ్ల మధ్యే గుడ్లు పెడుతుంది. మనిషో కుక్కో నక్కో అటు వస్తే చాలు, గోల మొదలు. అంటే చీకట్లో ఏదో కదులుతోందని పిట్ట చెప్పేంతవరకు నిజమే. మన సినిమావాళ్లకు మాత్రం ఎంతసేపూ గుడ్లగూబ, నక్క ఊళ, కిర్రుమనే తలుపు!

ఇప్పపూల కాలం ఇంకో ముచ్చట. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున పూలు రాలతాయి. కోయగూడేల ఆడవాళ్లు చీకటుండగానే బుట్టలు పట్టుకుని బయల్దేరతారు. అదే పువ్వు కోసం ఎలుగుబంటి కూడా వస్తుంది. ఎండుటాకుల మీద టప్పుమన్నది పువ్వా, అడుగా? వంగిన నడుము వంగినట్టే ఉంచి, చెయ్యి బుట్ట మీదే ఆపి, రెండో చప్పుడు కోసం చెవి పెడతారు. ఆ రెండో చప్పుడు దాకా ఉండే నిశ్శబ్దాన్ని పట్టుకున్న తెలుగు సినిమా నాకైతే తగల్లేదు.

శబ్దంతో భయపెట్టడం ఈ అడవికి కొత్తా? భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో పర్ణశాల ఉంది. సీతాపహరణం అక్కడే జరిగిందని స్థానికుల నమ్మకం. బంగారు లేడిగా వచ్చిన మారీచుడు చచ్చేముందు చేసిందేమిటి? రాముడి గొంతుతో అరవడం. కనబడని మనిషి కేక, అదీ మనవాడి గొంతు. సీత లక్ష్మణుణ్ని పంపక తప్పలేదు. మన హారర్‌లో తొలి డబ్బింగ్ ఆర్టిస్టు మారీచుడేనని ఎవరైనా అంటే నేను కాదనను.

డబ్బింగ్ అంటే గుర్తొచ్చింది. 'అరుంధతి' (2009)లో పశుపతి ఒళ్లు సోనూ సూద్‌ది, గొంతు రవిశంకర్‌ది. ఆ గొంతు తీసేసి చూడండి, సగం భయం పోతుంది. హాలీవుడ్ 'ఎక్సార్సిస్ట్' (1973)లోనూ ఇదే కథ. మంచం మీది పిల్ల లిండా బ్లెయిర్, ఆమె నోట్లోంచి వచ్చే దెయ్యం గొంతు మెర్సిడెస్ మెక్‌కేంబ్రిడ్జ్ అనే పెద్దావిడది.    

హిచ్‌కాక్ 'సైకో' (1960)లో స్నానాలగది హత్యకు అసలు సంగీతమే వద్దన్నాడు. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ ఊరుకోకుండా కట్టి వినిపిస్తే మనసు మార్చుకున్నాడు. మొత్తం తంత్రీవాద్యాలే.  

శబ్దం సంగతి కాసేపు పక్కనపెట్టి చేతబడి కథల దగ్గరికి వద్దాం. యండమూరి 'తులసిదళం' తెలుగు నవలే అయినా ముందు సినిమాగా తీసింది కన్నడవాళ్లు. దాని కొనసాగింపు కథతో మనకు 'కాష్మోరా' (1986) వచ్చింది. నవల మీద రంగనాయకమ్మ ఏకంగా 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' అని పుస్తకమే రాశారు.

ఆ కోపాన్ని ఈ ప్రాంతంలో నిలబడి ఆలోచిస్తే కొట్టిపారెయ్యలేం. 'విరూపాక్ష' (2023) కథ మొత్తానికి మూలం, చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో ఊరు ఊరంతా ఒక జంటను చంపడం. హాల్లో అది ఫ్లాష్‌బ్యాక్. ఏజెన్సీ పల్లెల్లో అలాంటి అనుమానంతో మనుషుల్ని కొట్టిన, చంపిన వార్తలు ఇప్పటికీ జిల్లా పేజీల్లో వస్తుంటాయి. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇలాంటివాటిమీద ప్రత్యేక చట్టాలు చేశాయి. మా వాదనలు ఎంత గట్టిగా నడుస్తున్నా 'విరూపాక్ష' దగ్గరికి వచ్చేసరికి గొంతులు తగ్గుతాయి.

సరే, మళ్లీ శబ్దం దగ్గరికి వస్తే, వినబడని శబ్దం కూడా భయపెడుతుందా? ఇంగ్లండ్‌లోని కొవెంట్రీలో విక్ టాండీ అనే ఇంజనీరు ఒక రాత్రి ల్యాబ్‌లో ఒంటరిగా ఉన్నాడు. చెమటలు పట్టాయి, కంటి చివర బూడిదరంగు ఆకారం కదిలింది, తిరిగి చూస్తే లేదు. మర్నాడు బాగుచేసుకుందామని తన కత్తిసాము కత్తిని వైస్‌లో బిగిస్తే, ముట్టుకోకుండానే దాని కొస వణకడం మొదలుపెట్టింది. ఆరా తీస్తే దోషి కొత్తగా బిగించిన ఎగ్జాస్ట్ ఫ్యాను. సెకనుకు సుమారు 19 కంపనాలు, మన చెవికి అందే హద్దుకు కాస్త కింద. ఫ్యాను సరిచేశారు, దెయ్యం పోయింది. 1998లో దీనిమీద పరిశోధనపత్రం కూడా రాశాడు. అందరూ ఒప్పుకోలేదు గానీ, ఇంట్లో పాత ఫ్యానున్నవాళ్లు గమనించుకోవచ్చు.

ఇక అసలు పోటీ: తెలుగు దెయ్యం సినిమాల్లో ఏది ముందు? రవిబాబు 'అవును' (2012)లో దెయ్యం ఆకారం తెర మీదికి రాదు. వస్తువులు కదులుతాయి, పూర్ణ మొహం చూసి మనం భయపడాలి. తక్కువ ఖర్చుతో తీసిన తెలివైన సినిమా. 'మసూద' (2022) ఈమధ్యవాటిలో నాకు నచ్చింది. కానీ రామ్ గోపాల్ వర్మ 'రాత్రి' (1992)ని దాటింది ఇంకా రాలేదన్నది నా మాట. తెలుగు, హిందీ రెండింట్లోనూ తీశాడు, పాటల్లేవు. చచ్చిన పిల్లిపిల్ల మళ్లీ కనబడుతుంది, జనంతో నిండిన సినిమా హాలు ఉన్నట్టుండి ఖాళీ అవుతుంది. అన్నీ మామూలు చోట్లే. దాని నేపథ్య సంగీతం కొత్తగా వచ్చిన ఒక కుర్రాడు చేశాడు, పేరు మణిశర్మ. తర్వాత మెలోడీ బ్రహ్మ అనిపించుకున్న ఆయన మొదట మన ముందుకొచ్చింది ఇలా హడలగొట్టడానికే.

మొదటి స్థానం 'రాత్రి'కి, రెండోది 'అవును'కి, 'అరుంధతి'కి మూడోది. ఒప్పుకోనివాళ్లు రాత్రి బస్సుకు భద్రాచలం రండి, టీ మేం పోయిస్తాం, వాదించుకుందాం.