పదిహేను నిమిషాల నక్షత్రనౌక

"నాన్నా, మన హాలుని కొన్నాళ్ళు అంతరిక్షనౌకగా వాడుకోవచ్చా?" అని మా వాడు అడిగినప్పుడు నేను అన్నం తింటున్నాను. పరధ్యానంగా సరేలే అన్నాను. మర్నాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి సోఫా బాల్కనీలో ఉంది. గోడల నిండా అట్టపెట్టెలు, వాటికి మా ఆవిడ దీపావళికని దాచుకున్న సీరియల్ బల్బులు. మధ్యలో నా కంప్యూటర్ కుర్చీ. అది కెప్టెన్‌గారి ఆసనమట!

మేము యాంగోన్‌లో ఉంటాం. నాది మందుల కంపెనీ ఉద్యోగం. మా వాడికి పదమూడేళ్ళు. వాడికి 'స్టార్ ట్రెక్' పిచ్చి అంటించింది నేనే. ఎనభైల్లో ఆదివారం పొద్దున్నే దూరదర్శన్‌లో ఆ సీరియల్ వచ్చేది. విశాఖలో పక్కింటివాళ్ళ గడప దగ్గర కూర్చుని చూసేవాణ్ణి. ఇంగ్లీషు సగం కూడా అర్థమయ్యేది కాదు. కానీ రకరకాల దేశాలవాళ్ళు ఒకే నౌకలో కలిసి పనిచేయడం మాత్రం బాగా అర్థమైంది.

మావాడి సినిమాలో కూడా అంతే. కెప్టెన్ కింది అంతస్తులో ఉండే బర్మా అమ్మాయి. చెంపలకి తనఖా పూసుకునే నౌక నడుపుతుంది. ఇంజినీరు కొరియా కుర్రాడు. కెమెరా కెప్టెన్ అన్నయ్యది, అంటే అతని ఫోను. కథ రాసింది మావాడు. వేషం మాత్రం గ్రహాంతరవాసిది, ముఖమంతా పసుపు. హీరో వేషం వేసుకోలేదేంరా అంటే, "ఇక్కడ బయటినుంచి వచ్చినవాణ్ణి నేనే కదా నాన్నా" అన్నాడు.

ఆ మాటతో నాకు పాత సంగతులు గుర్తొచ్చాయి. ఒకప్పుడు మా ఉత్తరాంధ్రలో రంగూన్‌ని 'రంగం' అనేవారు. కోరంగి రేవు పేరు మీద ఇక్కడి తెలుగువాళ్ళని 'కోరంగీలు' అనేవారు. 1942లో జపాన్ సేనలు వచ్చిపడినప్పుడు వేలమంది కొండలూ అడవులూ దాటి కాలినడకన వెనక్కి వెళ్ళారు. పసుపు ముఖంతో వాడు వేసే వేషం వెనక అంత కథ ఉందని వాడికి తెలీదు. నేనూ ఆ రోజు చెప్పలేదు.

సరదా సరే, ఇంకొకరి కథ తీసుకుని సినిమా తీయడం తప్పు కాదా? ఈ అనుమానం వచ్చి కొంచెం చదివాను. అభిమానులు తీసే ఇలాంటి సినిమాలని 'ఫ్యాన్ ఫిల్మ్స్' అంటారు. 'స్టార్ వార్స్' వచ్చిన మరుసటి ఏడాదే, 1978లో, ఎర్నీ ఫోసెలియస్ 'హార్డ్‌వేర్ వార్స్' అనే చిన్న సినిమా తీశాడు. అందులో అంతరిక్షనౌకలంటే ఇస్త్రీపెట్టెలూ టోస్టర్లూ! 1997లో కెవిన్ రూబియో తీసిన 'ట్రూప్స్' ఇంటర్నెట్‌లో పేరు తెచ్చుకుంది. ఆ తర్వాత అతను స్టార్ వార్స్ కామిక్స్‌కి రచయిత అయ్యాడు. 2010లో 'స్టార్ వార్స్ అన్‌కట్' పూర్తయింది. మొదటి స్టార్ వార్స్ సినిమాని పదిహేను సెకన్ల ముక్కలుగా, మొత్తం 473గా విడగొట్టి, ఒక్కో ముక్కనీ ఒక్కో అభిమాని తీసి పంపాడు. దానికి ఎమ్మీ అవార్డు కూడా వచ్చింది.

అన్నీ ఇలా సుఖాంతం కాలేదు. 'ఆక్సనార్' పేరుతో ఒక బృందం స్టార్ ట్రెక్ అభిమానుల నుంచి పది లక్షల డాలర్లకు పైగా చందాలు పోగుచేసి పెద్ద సినిమాకి సిద్ధమైంది. 2015 డిసెంబరులో పారామౌంట్, సీబీఎస్ సంస్థలు కోర్టుకెళ్ళాయి. 2017 జనవరిలో రాజీ కుదిరింది. ఈ మధ్యలో, 2016 జూన్‌లో, ఆ సంస్థలు అభిమానుల కోసం నియమాలు ప్రకటించాయి. ఒక కథ పదిహేను నిమిషాలు దాటకూడదు. రెండు భాగాలైతే కలిపి ముప్ఫై. పేరులో 'స్టార్ ట్రెక్' అనే మాట ఉండకూడదు. అభిమానులు తీసినదని కింద రాయాలి. ఎవరికీ జీతాలివ్వకూడదు, డబ్బు సంపాదించకూడదు. చందాలు యాభై వేల డాలర్లు దాటకూడదు. దుస్తులు ఇంట్లో కుట్టుకోవచ్చు కానీ, కొంటే మాత్రం అసలువే కొనాలి.

ఇవన్నీ చదివి వినిపిస్తే మావాడు బిక్కమొహం వేశాడు. "మన చందా అంతా కలిపి అమ్మ ఇచ్చిన బల్బులే కదా" అని ధైర్యం చెప్పాను. ఇంకో మాటా చెప్పాను. మనమంతా గొప్పగా చెప్పుకునే 1957 నాటి 'మాయాబజార్' కథ వ్యాసుడి భారతంలో లేదు. శశిరేఖ పెళ్ళి తర్వాతివాళ్ళు కల్పించుకున్న ముచ్చట. పాండవులంటే ఇష్టమున్నవాళ్ళు వాళ్ళకో కొత్త కథ కట్టారు. కాకపోతే వ్యాసుడికి లాయర్లు లేరు!

యాంగోన్‌లో షూటింగ్ అంటే కరెంటు చెప్పినట్టు వినాలి. అది ఉన్నప్పుడు నౌక వెలుగుతుంది, పోతే శత్రువుల దాడి జరిగినట్టు. వీధిలోకి కెమెరా తీసుకెళ్ళొద్దని ముందే చెప్పేశాం. కొత్త గ్రహం దృశ్యాలన్నీ రాత్రిపూట మేడ మీదే. అక్కడో చిక్కు. దూరంగా బంగారంలా వెలిగే శ్వేడగాన్ గోపురం. దాన్నే గ్రహాంతర నగరంగా చూపిద్దామని మావాడి ఉత్సాహం. కెప్టెన్ అమ్మాయి గట్టిగా వద్దంది. 2015లో ఇక్కడే, బుద్ధుడికి హెడ్‌ఫోన్లు పెట్టిన బార్ ప్రకటన కారణంగా ముగ్గురికి జైలుశిక్ష పడింది. ఆ విషయం చెప్పబోయాను. ఆ అమ్మాయి నాకంటే ముందే, "అంకుల్, జైలు సంగతి కాదు. అది మా అమ్మమ్మ దణ్ణం పెట్టుకునే చోటు" అంది. కెమెరా నీళ్ళ ట్యాంకు వైపు తిరిగింది. మన పిల్లలు పరాయి దేశంలో ఏది తీసినా, ముందు ఇలా చెప్పగల స్నేహితులుండాలి.

సగం సినిమా అయ్యాక కెమెరా కుర్రాడు రావడం తగ్గించాడు. అతనికి పద్దెనిమిది నిండబోతున్నాయి. 2024 ఫిబ్రవరిలో ఇక్కడ నిర్బంధ సైనిక సేవ చట్టం అమల్లోకి తెచ్చారు. మగవాళ్ళకి 18 నుంచి 35 ఏళ్ళ దాకా, ఆడవాళ్ళకి 18 నుంచి 27 దాకా వర్తిస్తుంది. అతన్ని చదువు పేరుతో బయటికి పంపేస్తున్నారని వాళ్ళ నాన్నగారు మెట్ల మీద నాతో మెల్లగా చెప్పారు. పిల్లలకి చెబితే ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు. మిగిలిన పది సీన్లూ రెండు రోజుల్లో తీసేశారు. రెండో రాత్రి కరెంటు లేదు. చివరి సీనంతా నాలుగు ఫోన్ల టార్చి వెలుగులోనే.

సినిమా పదకొండు నిమిషాలు వచ్చింది. ఇంటర్నెట్‌లో పెడదామని మావాడు అడిగాడు. చాలాసేపు ఆలోచించి వద్దన్నాను. నియమాలు ఒప్పుకుంటాయి, నిజమే. కానీ ఆ కుర్రాడి కుటుంబం ఇంకా ఇక్కడే ఉంది. పేర్ల దగ్గర 'కెమెరా' అని రాసి పక్కన ఖాళీ వదిలేశారు. ఆ ఖాళీ గురించి నలుగురూ అడగడం నాకిష్టం లేదు. ఇక్కడ ఎవరి పేరూ రాయకపోవడానికి కారణమూ అదే. మావాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

చివరికి మా హాల్లోనే దుప్పటి కట్టి వేశాం. మూడు కుటుంబాలు, మా ఆవిడ చేసిన పులిహోర, కిందింటివాళ్ళు తెచ్చిన లఫెత్. సినిమా అయ్యాక కెప్టెన్ వాళ్ళమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మా ఆవిడ కూడా వెనకే వెళ్ళింది.

మర్నాడు మావాడు సినిమాని ఆ కుర్రాడికి పంపాడు. నెట్ నెమ్మది కావడంతో వెళ్ళడానికి రాత్రంతా పట్టింది. అతని దగ్గర్నుంచి ఒక్క వాక్యమే జవాబు వచ్చింది: "రెండో భాగానికి రూల్స్ ఒప్పుకుంటాయి కదా?"

ఒప్పుకుంటాయి. ఇంకా పంతొమ్మిది నిమిషాలు మిగిలున్నాయి. సోఫా ఇప్పటికీ బాల్కనీలోనే ఉంది.